పాత పిస్టల్‌కు ప్లాస్టిక్ ఒళ్లు: స్టీలు తుడిచి తుడిచి అలసిన ఆర్మోరర్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. పిస్టల్ నడుముకు కట్టుకుని డ్యూటీ చేసేవాళ్లకు పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమే, అంటే పిడితో కలిసి ఉండే కింది ఒళ్లే మేలు, రేంజ్‌లో నిలబడి కాగితం మీద గ్రూపింగ్ (తూటాలు ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయో) చూసుకునేవాళ్లకు స్టీలే మేలు. దీని మీద ఇంకా కొట్లాడాలనుకునేవాళ్లు కొట్లాడుకోవచ్చు, నాకు అసలు చెప్పాలని ఉన్నది వేరే. ఏనాటిదో మంచి డిజైన్‌ను తీసుకుని, లోపల ఒక్క ముక్క కూడా మార్చకుండా ఫ్రేమ్‌ను మాత్రం ప్లాస్టిక్‌లో పోసేసి కొత్త మోడల్ అంటే అది పనికిరాదు. ప్లాస్టిక్ ఎక్కడ వంగుతుందో, ఎక్కడ అరుగుతుందో చూసుకుని లోపలి ఇనుమును మళ్లీ గీసుకున్నవాళ్ల పిస్టల్ మాత్రం నిలబడింది.

నేను వరంగల్ పక్క మామునూరు వైపు వాణ్ణి. పోలీసు కోత్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) మరమ్మతు చూసి రిటైర్ అయ్యాను. ఇప్పుడు హనుమకొండలో ఎక్కడ టీ తాగడానికి కూర్చున్నా ఎవరో ఒకరు అడుగుతారు, "అన్నా, ప్లాస్టిక్ తుపాకీ మంచిదేనా, పగిలిపోదా?" అని. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలు అడుగుతారు, లైసెన్స్ ఉన్న వ్యాపారస్తులు అడుగుతారు, ఊకె యూట్యూబ్ చూసేవాళ్లు అందరికంటే ఎక్కువ అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా.

మా కాలంలో పిస్టల్ అంటే 9 ఎంఎం 1ఏ. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యేది, కానీ దాని తాత బ్రౌనింగ్ హై-పవర్. జాన్ బ్రౌనింగ్ 1926లో చనిపోయాక బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీలో దియుదొనే సైవ్ అనే ఆయన దాన్ని పూర్తి చేస్తే 1935లో బయటికి వచ్చింది. మ్యాగజైన్‌లో 13 తూటాలు, ఆ రోజుల్లో అది మస్తు ఎక్కువ. చేతిలో పట్టుకుంటే ఇప్పటికీ దానికి సాటి గ్రిప్ తక్కువ పిస్టళ్లకే ఉందని నా నమ్మకం. సన్నగా, గుండ్రంగా, అరచేతి మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. వెనక ఉండే హ్యామర్ (తూటాను పేల్చడానికి కొట్టే సుత్తి) మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని కొరుకుతుంది, చెయ్యి లావుగా ఉన్నవాళ్లకు రక్తం కూడా వస్తుంది. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా లోపల ఒక సేఫ్టీ ఉంటుంది, దాని రాపిడి వల్ల ట్రిగ్గర్ గరగరమంటుంది. ఇవన్నీ ఆ డిజైన్ పుట్టినప్పటి నుంచీ ఉన్నవే.

స్టీలుతో అసలు బాధ చెమట. మేడారం జాతర బందోబస్తు చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పగలంతా ఎండ, రాత్రి చలి, జంపన్న వాగు దగ్గర తడి, గద్దెల చుట్టూ దుమ్ము, పైనుంచి జనం మోసుకొచ్చే బెల్లం బంగారం. మనిషి మీద, బెల్టు మీద, హోల్‌స్టర్ మీద అన్నింటి మీదా ఏదో ఒక జిగురు. డ్యూటీ దిగి ఆయుధం జమ చేసేటప్పుడు చూస్తే, నడుముకు ఆనుకున్న వైపు గ్రిప్ పలకల కింద, స్క్రూల చుట్టూ, మ్యాగజైన్ బావి అంచుల్లో ఎర్రటి మచ్చ కనిపించేది. బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూత) పోయిన చోట స్టీలు ఉప్పుకు ఆగదు. కోత్‌కు వచ్చాక పలకలు విప్పడం, చిందీతో తుడవడం, నూనె పట్టించడం, మళ్లీ బిగించడం... పిస్టల్‌ది తప్పు కాదు, ఇనుము గుణమే అది. వానాకాలంలో ఏటూరునాగారం అడవి వైపు వెళ్లొచ్చినవాటి సంగతి ఇంకా అధ్వానం.

అలాంటి చేతుల్లోకి పాలిమర్ ఫ్రేమ్ ఉన్న గ్లాక్ పిస్టల్ వచ్చినప్పుడు మొదట అందరం నవ్వాం. ఇత్తడి బిందె పోయి ప్లాస్టిక్ బిందె వచ్చినట్టుంది అనుకున్నాం. తుడిచే పని మొదలుపెట్టాకే నవ్వు ఆగింది, ఎందుకంటే ఫ్రేమ్‌కు తుడవడానికి ఏమీ లేదు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి, అయిపోయింది. విప్పడానికి పలకలూ లేవు, స్క్రూలూ లేవు.

కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, లేకపోతే పాలిమర్‌ను గ్లాకే కనిపెట్టాడని అనుకుంటారు. 1959లోనే అమెరికాలో రెమింగ్టన్ నైలాన్ ఒంటితో .22 రైఫిల్ అమ్మింది. పిస్టళ్లలో మొదటిది జర్మనీ హెక్లర్ అండ్ కోఖ్ వాళ్ల వీపీ-70, 1970లో వచ్చింది. దాని ట్రిగ్గర్ ఎంత బరువంటే దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గాస్టన్ గ్లాక్ ఆస్ట్రియా సైన్యం కోసం చేసిన గ్లాక్-17 1982లో ఎంపికైంది, అక్కణ్ణుంచి కథ మారింది. అయితే గ్లాక్ లోపల చూస్తే ఎవరు కనిపిస్తారు? బ్రౌనింగే కనిపిస్తాడు. కాల్చగానే బ్యారెల్ వెనక భాగం కిందికి దిగి స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జారే ఇనుప భాగం) నుంచి విడిపోయే పద్ధతి, బ్యారెల్ కింద ఉండే వాలు మెట్టు, ఇవి హై-పవర్‌లో ఉన్నవే. పాత ఆలోచనే, కొత్త ఒళ్లు.

ఆ ఒంటిని ఎలా పోశారన్నదే అసలు విషయం. గ్లాక్ ఫ్రేమ్‌లో స్లైడ్ నడిచే పట్టాలు ప్లాస్టిక్‌వి కావు. నాలుగు చోట్ల చిన్న చిన్న స్టీలు ముక్కలు పోతలోనే ఇరికించి ఉంటాయి, స్లైడ్ వాటి మీదే జారుతుంది. బ్యారెల్ గుద్దుకునే చోట విడిగా ఒక స్టీలు లాకింగ్ బ్లాక్ ఉంటుంది, కాల్చినప్పుడు పడే దెబ్బంతా దాని మీదే. ప్లాస్టిక్ చేసే పని వీటన్నింటినీ వాటి వాటి చోట పట్టుకుని ఉండటం, కాల్చినప్పుడు కొంచెం వంగి మళ్లీ సరిగ్గా అవడం, చేతికి పిడి కావడం, అంతే. దెబ్బ ఓర్చుకోవాల్సిన చోట ఇనుము, ఊరికే ఆకారం ఉంటే చాలన్న చోట నైలాన్. పాత డిజైన్లను పాలిమర్‌లోకి మార్చినవాళ్లను నేను దీన్నిబట్టే కొలుస్తాను.

బరువు సంగతి. గ్లాక్-17 మ్యాగజైన్ లేకుండా 630 గ్రాములకు కొంచెం అటూ ఇటూ. 17 తూటాలు నింపి పెడితే 900 దాటుతుంది. హై-పవర్ ఖాళీగానే 900 గ్రాముల పైన. అంటే నిండు గ్లాక్, ఖాళీ హై-పవర్ దాదాపు ఒకటే బరువు, పైగా గ్లాక్ మ్యాగజైన్‌లో నాలుగు తూటాలు ఎక్కువ. రాత్రంతా వరంగల్ చౌరస్తాలో నిలబడే ఎస్సై నడుముకు ఇది తెలుస్తుంది, ఏసీ గదిలో కూర్చుని రివ్యూ రాసేవాడికి తెలియదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. నిండు పాలిమర్ పిస్టల్ బరువులో అయిదో వంతు పైన తూటాలదే. కాల్చుకుంటూ పోతే కింద ఖాళీ అవుతుంది, పైన స్టీలు స్లైడ్ అలాగే ఉంటుంది, మొదటి తూటాకూ చివరి తూటాకూ పిస్టల్ తూకం మారిపోతుంది. స్టీలు ఫ్రేమ్‌లో ఈ తేడా ఉన్నా చెయ్యి పట్టించుకోదు. కొత్తవాళ్లు మ్యాగజైన్ చివర్లో గురి తప్పడానికి అలసట ఎంత కారణమో ఇదీ అంత కారణమని నా అంచనా.

ఇప్పుడు 1911 అనే పిస్టల్‌కు వద్దాం. అమెరికా సైన్యం 1911లో తీసుకున్నది, .45 తూటా, ఏడు రౌండ్ల మ్యాగజైన్, ఖాళీగా 1,100 గ్రాములు. దీనికి పాలిమర్ ఫ్రేమ్ పెట్టాలని చాలామంది చూశారు. 1990ల్లో ఇజ్రాయెల్ బుల్ కంపెనీ ఎం-5 చేసింది, అమెరికాలో కింబర్ కూడా కొన్నాళ్లు పాలిమర్ 1911 అమ్మింది, విల్సన్ కంబాట్ కేజెడ్-45 అని తెచ్చింది. చెత్తగా చేశారని నేననను, లోపల స్టీలు ముక్క పెట్టే చేశారు. కానీ 1911 ఆలోచనంతా స్టీలు చుట్టూ తిరుగుతుంది. స్లైడ్ పట్టాలు ఫ్రేమ్ పొడవునా ఉంటాయి. హ్యామర్ పిన్ను, సియర్ (హ్యామర్‌ను పట్టి ఆపే ముక్క) పిన్ను, స్లైడ్ స్టాప్ పిన్ను, సేఫ్టీ పిన్ను, అన్నీ ఫ్రేమ్‌కు నేరుగా వేసిన రంధ్రాల్లో తిరుగుతాయి. ట్రిగ్గర్ అయితే మీట లాగా వంగదు, మ్యాగజైన్ చుట్టూ ఒక సన్నటి రేకు చట్రంతో తిన్నగా వెనక్కి జారుతుంది, ఆ జారే దారి కూడా ఫ్రేమ్‌లో చెక్కిందే. 1911 ట్రిగ్గర్‌ను జనం వందేళ్ల తర్వాత కూడా పొగుడుతున్నారంటే ఆ దారీ ఆ రంధ్రాలూ కదలకుండా ఉండటం వల్లే. హ్యామర్, సియర్ పిన్నుల మధ్య దూరం వెంట్రుక వాసి మారినా ట్రిగ్గర్ పాడవుతుంది. అందుకే ప్లాస్టిక్‌లో చేయాలంటే అంతటికీ పెద్ద స్టీలు ముక్క లోపల పెట్టాలి, పెడితే బరువు పెద్దగా తగ్గదు. తగ్గిందే అనుకోండి, అప్పుడు .45 తన్ను ఉంటుంది. 1,100 గ్రాముల పిస్టల్‌ను 880 గ్రాములు చేస్తే, అదే తూటాకు వెనక్కి తన్నే శక్తి నాలుగో వంతు పెరుగుతుంది, ఇది వట్టి లెక్క. ఫ్రేమ్ కొంచెం వంగి ఆ తన్నును మెత్తబరుస్తుందన్నది నిజమే, చేతికి గుచ్చుకోదు, కానీ మూతి పైకి లేవడం ఆగదు. 1911 కొనేవాడు కోరుకునేదే ఆ బరువు, ఆ చల్లటి స్టీలు. దాన్ని తీసేసి 1911 అంటే ఎవరు కొంటారు? చివరికి ఎవరూ పెద్దగా కొనలేదు.

అదే 1911ను ఇంకోలా ఆలోచించినవాళ్లు గెలిచారు. స్ట్రేయర్, ట్రిప్ అనే ఇద్దరు 1990ల్లో ఫ్రేమ్‌నే రెండు ముక్కలు చేశారు. పట్టాలు, పిన్ను రంధ్రాలు, నంబరు ఉన్న పై సగం లోహం. పిడి, ట్రిగ్గర్ గార్డ్ ఉన్న కింది సగం పాలిమర్, స్క్రూలతో బిగిస్తారు. దీన్నే 2011 అంటున్నారు. ఇందులో గొప్పతనం బరువు తగ్గించడం కాదు. స్టీలు ఫ్రేమ్‌లో రెండు వరసల మ్యాగజైన్ పెట్టాలంటే మ్యాగజైన్, దాని మీద ఫ్రేమ్ గోడ, దాని మీద గ్రిప్ పలక, మూడు మందాలు కలిసి పిడి దుంగలా అవుతుంది. పాలిమర్‌లో గోడా పలకా ఒకటే. అంత మ్యాగజైన్ పెట్టి కూడా చెయ్యి చుట్టూ తిరుగుతుంది. ఐపీఎస్‌సీ (కదులుతూ, వేగంగా కాల్చే ఆట) లాంటి పోటీల్లో ఈ తరహా పిస్టళ్లే ఎందుకు రాజ్యమేలాయో విప్పి చూస్తే అర్థమవుతుంది. పాలిమర్ వల్ల నిజమైన లాభం ఇక్కడ ఉంది, జనం మాత్రం గ్రాముల దగ్గరే ఆగిపోతారు.

సీజెడ్-75 ఇంకో మంచి ఉదాహరణ. చెకొస్లొవాకియాలో కౌట్స్కీ సోదరుల డిజైన్, 1975. దీంట్లో స్లైడ్ ఫ్రేమ్‌ను బయట నుంచి పట్టుకోదు, ఫ్రేమ్ లోపలికి దిగి నడుస్తుంది. అందుకే చేతికి దగ్గరగా కిందికి ఉంటుంది, గురి నిలుస్తుంది. స్టీలుది ఒక కిలో. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి రేంజ్‌కు వచ్చే ఒక స్పోర్ట్స్ షూటర్ దగ్గర పట్టుకుని చూశాను, దించబుద్ధి కాలేదు. దీన్ని పాలిమర్‌లోకి తెచ్చేటప్పుడు సీజెడ్ వాళ్లు తొందరపడి పోత పోయలేదు. 2009లో వచ్చిన పీ-07లో ట్రిగ్గర్ యంత్రాంగాన్నే మార్చి, ముక్కలు తగ్గించారు, పేరు ఒమేగా. సేఫ్టీ కావాలంటే సేఫ్టీ, డీకాకర్ (ఎత్తిన హ్యామర్‌ను పేలకుండా దించే మీట) కావాలంటే డీకాకర్, మార్చుకోవచ్చు. బరువు 800 గ్రాముల లోపే. స్లైడ్ లోపలే నడవడం, కిందికి ఉండటం మాత్రం అలాగే ఉంచారు. ఒక్క చిక్కు, స్లైడ్ బయటికి కనిపించేది తక్కువ కాబట్టి వెనక్కి లాగడానికి వేళ్లకు పట్టు చాలదు, చేతులు చెమటగా ఉంటే మరీనూ. అది 75 నుంచి వచ్చిన ఆస్తే. నన్నడిగితే పాత డిజైన్‌కు పాలిమర్ ఎలా తొడగాలో చూపించడానికి ఇదే సరైన పిస్టల్.

హై-పవర్‌కు మాత్రం ఎవరూ ప్లాస్టిక్ తొడగకపోతేనే మంచిది. 2022లో ఎఫ్ఎన్ మళ్లీ ఆ పేరుతో కొత్తది తెచ్చినప్పుడు కూడా స్టీలు ఫ్రేమ్‌తోనే తెచ్చింది. మకరోవ్ అనే పాత సోవియట్ పిస్టల్‌కు రష్యాలో పాలిమర్ ఫ్రేమ్‌తో ఎంపీ-448 స్కిఫ్ అని చేశారు, దాని గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు.

స్పోర్ట్ వైపు వాళ్లు నా మాట వినాల్సిన పని లేదు, వాళ్ల రూల్ పుస్తకమే చెబుతుంది. 25 మీటర్ల పిస్టల్‌కు గరిష్ఠ బరువు 1,400 గ్రాములు, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు 1,500. కనీస బరువు గురించి ఎవరూ బెంగపడరు, ఎంత బరువు పెట్టుకోవచ్చనే చూస్తారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి గెలిచింది, జట్టుతో బంగారం గెలిచింది. ఆ ఆటలో పిస్టల్ చేతిలో కదలకుండా నిలవాలి, అక్కడికి వెళ్లి తేలిక అంటే నవ్వుతారు.

ఇక మరమ్మతు. ఇక్కడ ఆర్మోరర్‌గా నా మనసు స్టీలు వైపే. స్టీలు ఫ్రేమ్‌కు పట్టా వదులైతే బిగించొచ్చు, గీత పడితే ఆకురాయితో సర్దొచ్చు, బ్లూయింగ్ మళ్లీ వేయొచ్చు, చేతిలో పని ఉన్నవాడికి దాంతో ముప్పై ఏళ్లు గడుస్తాయి. పాలిమర్ ఫ్రేమ్ చీలితే చేసేదేమీ లేదు, ఫ్రేమే మార్చాలి. అతకడానికి రాదు. కొందరు పిడి జారకుండా సోల్డరింగ్ ఐరన్‌తో చుక్కలు పెడుతున్నారు, వీడియోల్లో బాగానే ఉంటుంది, సర్కారు ఆయుధం మీద అలాంటి కళలు చూపిస్తే మాత్రం ఎంక్వయిరీ తప్పదు. చీలడం తరచుగా జరుగుతుందా అంటే, జరగదు. కానీ జరిగిన రోజు ఆర్మోరర్ చేతిలో ఏమీ ఉండదు, స్టోర్స్‌కు కాగితం రాయడం తప్ప.

చేతి కొలత గురించి ఒక మాట. స్టీలు పిస్టల్ పిడి అందరికీ ఒకటే కొలత, పలకలు మారిస్తే కొంచెం తేడా. 1996లో వాల్తర్ పీ-99 పిడి వెనక భాగాన్ని మార్చుకునే పద్ధతి తెచ్చింది, తర్వాత గ్లాక్ కూడా 2010లో నాలుగో తరంతో మొదలుపెట్టింది. మహిళా సిబ్బంది పెరిగాక దీని విలువ తెలిసింది. వేలు ట్రిగ్గర్ దాకా సరిగ్గా అందకపోతే పిడి పక్కకు తిప్పి పట్టుకుంటారు, అప్పుడు గ్రూపింగ్ పక్కకు పోతుంది, ఉస్తాద్‌లేమో "నీకు గురి లేదు" అంటారు. గురి ఉంది సార్, పిడే లేదు.

అడిగే భయాలకు గబగబా జవాబులు. ఎండకు కరుగుతుందా? నైలాన్ కరగాలంటే 200 డిగ్రీలు దాటాలి, రామగుండంలో మే నెలలో 45, 46. అసలు ఎండలో స్టీలు ఫ్రేమే చెయ్యి కాలుస్తుంది, పాలిమర్ కాల్చదు. ఎక్స్‌రేలో కనిపించదా? స్లైడ్, బ్యారెల్, స్ప్రింగులు, తూటాలు అన్నీ లోహమే, రేపు మామునూరులో విమానాలు మొదలైతే అక్కడా దొరికిపోతారు. కింద పడితే పగులుతుందా? మామూలుగా పడితే పగలదు, స్టీలైతే సొట్టో గీతో పడే చోట ఇది ఏమీ పట్టనట్టు ఉంటుంది.

లైసెన్స్ ఉన్న అన్నలకు ఒక ముక్క. పైన చెప్పిన 9 ఎంఎం పిస్టళ్లు మన దేశంలో మామూలు పౌరులకు ఇవ్వరు, అది నిషేధిత బోర్ (పౌరులకు ఇవ్వని తూటా కొలత). మీకు దొరికేది ఎక్కువగా .32. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్స్ మీద రెండే ఆయుధాలు, లైసెన్స్ గడువు అయిదేళ్లు. తేలిక కావాలంటే పాలిమరే ఉండాలని లేదు. కాన్పూర్‌లో 2014లో టైటానియం మిశ్రమంతో 500 గ్రాముల నిర్భీక్ రివాల్వర్ చేశారు, ధర అప్పుడే 1.22 లక్షలు. 2023లో పక్కకు తెరుచుకునే సిలిండర్‌తో ప్రబల్ వచ్చింది. కొని పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చకండి, అదే 2019 సవరణలో దానికి రెండేళ్ల దాకా జైలు ఉంది.

స్టీలు నుంచి పాలిమర్‌కు మారే సిబ్బందికి కోత్‌లో ఉన్నప్పుడు నేను చెప్పిన రెండు సంగతులు. ఒకటి, గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే, దాని తయారీయే అంత. అందుకని మ్యాగజైన్ తీయడం, స్లైడ్ లాగడం, చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూడటం, వేలు పెట్టి చూడటం, ఆ తర్వాతే నొక్కడం, అదీ ఇసుక బస్తా వైపు చూపించి. 1ఏకు అలవాటైన చేతులు బొటనవేలితో సేఫ్టీ కోసం వెతుకుతాయి, ఇక్కడ బయట సేఫ్టీ లేదు, ఉన్నది ట్రిగ్గర్ మీదే.

రెండోది హోల్‌స్టర్. చాలామంది కొత్త పిస్టల్‌ను పాత తోలు హోల్‌స్టర్‌లోనే తోస్తారు, పట్టింది కదా అని. ఏళ్లు వాడిన తోలు మెత్తబడి నోరు లోపలికి ముడుచుకుంటుంది, బటన్ పట్టీ వేలాడుతుంది. పిస్టల్ దించేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరితే చాలు, తొడలోకి దిగుతుంది తూటా. 1ఏకు సేఫ్టీ వేసి ఉంచితే గడిచిపోయింది, గ్లాక్‌కు గడవదు. ట్రిగ్గర్ గార్డ్ మొత్తం మూసే గట్టి కైడెక్స్ (ప్లాస్టిక్ రేకు) హోల్‌స్టర్, అదే మోడల్‌కు చేసింది తీసుకోండి. పిస్టల్ ఇష్యూ చేసి హోల్‌స్టర్ తర్వాత వస్తుందంటే, అది వచ్చేదాకా చాంబర్ ఖాళీగా ఉంచుకోండి.